పథకం ఆపాలంటే ఆఫీసులన్నీ మాట్లాడుకుంటాయి, తప్పు దిద్దాలంటే మనమే తిరగాలా?

పెరవలి_పిల్లోడు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అక్కకి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ గవర్నమెంటు బడిలోనే. తల్లికి వందనం (బడికెళ్ళే పిల్లల తల్లులకి ఆంధ్రా గవర్నమెంటు ఇచ్చే డబ్బు) కింద 26 వేలు పడాలి. (ఒక్కొక్కరికి 15 వేలు అన్నా 2 వేలు బడి నిర్వహణకి పోతాయి కదా.) పడలేదు. గ్రామ సచివాలయం గోడకి అంటించిన జాబితాలో అక్క పేరు పక్కన ‘ఫోర్ వీలర్’ అని ఉంది. వాళ్ళింటి ముందు ఉండేది ఒక పాత ఎక్సెల్ బండి. దానికీ వెనక టైరు అరిగిపోయింది.

ఆరా తీస్తే సంగతి తెలిసింది. బావది క్యాటరింగ్ పని. గిన్నెలు, గాడిపొయ్యి సామాను మోయడానికి ఒక పాత ఓమ్ని వ్యాన్ కొన్నాడు. 2021లో కరోనా రెండో వేవ్‌కి పెళ్ళిళ్ళన్నీ ఆగిపోతే 58 వేలకి అమ్మేశాడు. కొన్నాయన ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ‘పేరు నేను మార్పించుకుంటాలే’ అన్నాడు. మార్పించుకోలేదు. బండి ఇప్పటికీ బావ పేరు మీదే ఉంది.

తప్పు బావదే, ఒప్పుకుంటా. నా మంట వేరే. ఇదే అక్క నిరుడు ఇన్‌కం సర్టిఫికెట్‌కి వెళ్తే రేషన్ కార్డు జెరాక్స్, ఆధార్ జెరాక్స్ తెమ్మన్నారు. ఆ రెండూ ఇచ్చింది గవర్నమెంటే కదా! ఇవ్వాల్సి వస్తే ఒక ఆఫీసు మొహం ఇంకో ఆఫీసుకి తెలీదు. ఆపాల్సి వస్తే మాత్రం రవాణా శాఖలో ఉన్న ముక్క మా ఊరి గోడ దాకా నడిచొచ్చింది. ఇదెలా జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఎవర్ని పట్టుకోవాలి?

సచివాలయం_డీఏ
శనివారం, రాత్రి 9:48

ఊరు, జిల్లా అడక్కండి, చెప్పను. నేను డిజిటల్ అసిస్టెంట్‌ని. రోజూ ఈ గొడవే.

దీన్ని మేము సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ అంటాం. కుటుంబం ఆదాయం పల్లెలో నెలకి 10 వేలు, టౌన్‌లో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ఎవరికీ గవర్నమెంటు జీతం గానీ పెన్షన్ గానీ ఉండకూడదు. ఇన్‌కం ట్యాక్స్ కట్టకూడదు. టౌన్‌లో 1000 చదరపు అడుగులు దాటిన ఇల్లు ఉండకూడదు. ఫోర్ వీలర్ ఉండకూడదు. టాక్సీ, ట్రాక్టరు, ఆటోకి మినహాయింపు. పేరుకి సిక్స్ స్టెప్, లెక్కపెడితే ఏడొస్తాయి, నన్నడక్కండి.

ఇవేవీ మేము ఇంటికొచ్చి చూసి రాసినవి కావు. భూమి రెవెన్యూ దగ్గర్నుంచి, మీటర్లు డిస్కం (కరెంటు కంపెనీ) నుంచి, బండ్లు రవాణా శాఖ నుంచి, జీతాలు ట్రెజరీ లెక్కల నుంచి వస్తాయి. పైన అన్నీ ఆధార్ నంబరు మీద కలుస్తాయి. మా లాగిన్‌కి చేరేసరికి ఒక ఎర్ర గడి, పక్కన కారణం. అంతే. ఆ గడి తీసేసే బటన్ మా దగ్గర లేదు. మేము చేయగలిగింది గ్రీవెన్స్ పెట్టి కాగితం అప్‌లోడ్ చేయడం. కానీ రవాణా శాఖ రికార్డులో పేరు మారకపోతే వచ్చే ఏడాది జాబితాలో మళ్ళీ అదే గడి, అదే ఎరుపు.

ఇంకో సంగతి. చూసేది మనిషిని కాదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌ని, అంటే ఒక ఇంటి కింద ఎవరెవర్ని రాశారో ఆ లెక్కని. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడో వేరుపడ్డా, మ్యాపింగ్‌లో అమ్మతోనే ఉంటే ఆ ట్యాక్స్ అమ్మ మీద పడుతుంది. మొన్న ఒక మామ్మగారు వచ్చి ‘వాడు దీపావళికి ఫోన్ కూడా చేయడు బాబూ, వాడి జీతం నా నెత్తిన ఎలా పడింది?’ అంది. ఏం చెప్పను? తిట్లు నాకే. జనం కంటికి కనబడే గవర్నమెంటు నేనే మరి.

సందేహాల_సుబ్బారావు
శనివారం, రాత్రి 10:15

అందరూ తిట్టే మూడ్‌లో ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. కార్లున్నవాళ్ళు తెల్ల కార్డు మీద బియ్యం తీసుకుని ఆ బియ్యాన్నే కిలో లెక్కన మారుబేరం చేయడం మా వీధిలో నేను చూశాను. శాఖలు లెక్కలు కలిపి చూసుకోకపోతే వాళ్ళని పట్టేదెవరు? విలేజీలో ఒకడి మీద ఒకడు చెప్పడు. చెప్పినా మొహమాటం, లేదా పార్టీ. మెషీన్‌కి ఆ రెండూ లేవు.

పెరవలి బ్రదర్, మీ బావ కేసు కూడా చూడండి. రికార్డు ప్రకారం బండి ఆయనదే. సిస్టమ్ తప్పేం చెప్పింది?

రిటైర్డ్_డీటీ
ఆదివారం, ఉదయం 6:20

సుబ్బారావు గారి మాటలో నిజం ఉంది. నేను 34 ఏళ్ళు రెవెన్యూలో చేసి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయాను. మా రోజుల్లో సమాచారం ఎలా వెళ్ళేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు అయితే దాని వివరం మాకు కాగితం మీద రావాలి, అప్పుడు మేము మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయాలి. ఆ కాగితం తపాలాలో వచ్చి, ఇన్‌వర్డ్‌లో ఎక్కి, క్లర్కు టేబుల్ మీద ఇంకో కట్ట కింద పడి, రైతు చెప్పులరిగేలా తిరిగితేనే పైకొచ్చేది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. మా అడంగల్ (పొలాల రికార్డు) మాత్రం చాలా ఏళ్ళు ఆ కంప్యూటర్‌తో మాట్లాడలేదు. ఈ సందులోనే ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మినవాళ్ళున్నారు. తెలంగాణలో 2020లో ధరణి అనే భూముల పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూమికి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే టేబుల్ దగ్గర ఒకే పూట అయ్యాయి. ఇప్పుడది భూభారతి అయింది. ఆ కలపడం మంచిదే, నేను వద్దనను.

కానీ నేను చేసిన పని ఒకటి చెప్తాను. మండలం పేరు అడగవద్దు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అని ఒక సెక్షన్ ఉంది. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి లాంటివి జాబితా రాసి సబ్‌రిజిస్ట్రార్‌కి పంపితే వాటి రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. మేము రాశాం. ఒక సర్వే నంబర్లో రెండెకరాలే ప్రభుత్వానిది, మిగతా పదకొండు ఎకరాలు పట్టా. రాయాల్సింది సబ్‌డివిజన్ నంబరు. టైపు చేసిన కుర్రాడు బై తర్వాత అంకె వదిలేశాడు. సాయంత్రం నాలుగున్నరకి డిస్పాచ్, నలభై పేజీలు. చూడకుండా సంతకం పెట్టాను.

పదమూడు ఎకరాలూ లాక్ అయ్యాయి. ఒకాయన కూతురి పెళ్ళికి ఎకరం అమ్ముదామని వెళ్తే నిషేధిత జాబితాలో ఉందన్నారు. ఆయన మా దగ్గరకొచ్చాడు. మేము ‘జాబితా పైకి వెళ్ళిపోయింది, కలెక్టరేట్ నుంచి రావాలి’ అన్నాం. అక్కడ ‘తహసీల్దారు రిపోర్టు కావాలి’ అన్నారు. పంపడానికి నాకు ఒక సంతకం పట్టింది. తీయడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. ఆ పెళ్ళికి నన్ను పిలవలేదు, పిలుస్తాడని అనుకోనూ లేదు.

డేటా_కూలీ
ఆదివారం, ఉదయం 11:05

డీటీ గారి పోస్టు చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. నేను చేసే పని కూడా అదే సార్, కాకపోతే నలభై పేజీలు కాదు, నలభై లక్షల వరసలు.

ప్రైవేటు కంపెనీలో రెండు జాబితాలు కలిపే పని నాది. ఆధార్ నంబరు రెండు వైపులా ఉంటే తేలిక. అయినా ఆ నంబరు ఎక్కించిందెవరు? ఒకప్పుడు టార్గెట్ పెట్టి ‘సీడింగ్ (ఆధార్ నంబరు ఎక్కించడం) నూరు శాతం కావాలి’ అంటే లైన్‌మన్ ఎవరి నంబరు దొరికితే అది కొట్టిన ఊళ్ళున్నాయి. ఇంటి ఓనర్ మీటరు అద్దెకున్నవాళ్ళ ఆధార్‌కి అతుక్కున్నదీ ఉంది.

నంబరు లేకపోతే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు పట్టుకుని ఊహించాలి. మన పేర్లతో అది నరకం. వెంకటేశ్వరరావు అన్న ఒక్క పేరుని ఇంగ్లిష్‌లో పదిహేను రకాలుగా రాసినవి నా కళ్ళతో చూశా. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఉత్త పొడి అక్షరం. ఆడవాళ్ళకైతే పెళ్ళికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు, ఇంటిపేరూ మారుతుంది. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళందరికీ జనవరి 1. అంటే ఒక ఊళ్ళో 1955 జనవరి 1న పుట్టిన సత్యవతులు నలుగురుంటారు. మెషీన్ ‘92 శాతం మ్యాచ్’ అంటుంది. ఆ మిగతా 8 ఎవరో కిందకి వచ్చేసరికి కనబడదు, ఎర్ర గడి ఒక్కటే కనబడుతుంది.

మలక్‌పేట_రమ
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అచ్చం ఇదే మా దగ్గర అయింది. ఎవరూ తెలంగాణ రేషన్ కార్డుల సంగతి ఎత్తలేదని రాస్తున్నా.

2014 ఆగస్టు 19 గుర్తుందా? సమగ్ర కుటుంబ సర్వే. బస్సుల్లేవు, దుకాణాలు బంద్, బొంబాయి నుంచి కూడా జనం ఊళ్ళకొచ్చి ఇంట్లో కూర్చున్నారు, లెక్కలో లేకపోతే ఏం పోతుందోనని. తర్వాత సమగ్ర వేదిక అని సాఫ్ట్‌వేర్ వచ్చింది. రవాణా, కరెంటు, ఆస్తి పన్ను, రిజిస్ట్రేషన్లు ఇట్లా శాఖల డేటా అంతా కలిపి, డేటా కూలీ గారు చెప్పినట్టే పేరూ అడ్రసూ పోల్చి ‘ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కడే’ అని తేలుస్తుంది. కొన్నేళ్ళలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు పోయినయ్. ముందు నోటీసు లేదు. డీలర్ దగ్గరకి పోతే ‘మీ కార్డు ఎగిరిపోయింది’ అని చెప్పినప్పుడే తెలిసింది చాలామందికి. రిక్షా తొక్కి బతికిన ఒకాయన్ని ఆయన పేరుకి దగ్గరగా ఉన్న ఇంకొకరి కారు చూసి కారు ఓనర్ చేసిన కేసు పత్రికల్లో వచ్చింది.

సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్‌లో ‘ఇంటింటికీ పోయి మళ్ళీ చూడండి’ అని ఆర్డర్ వచ్చింది. దాదాపు 4 లక్షల 92 వేల మంది మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నరు. ఆ జులై నాటికి 2,05,734 చూస్తే అందులో 15,471 మంది అర్హులే అని తేలింది. ఏళ్ళ తరబడి ఆ ఇండ్లల్ల బియ్యం లేవు.

సందేహాల_సుబ్బారావు
ఆదివారం, మధ్యాహ్నం 3:02

రమ గారూ, మీ లెక్కే తీసుకుంటా. రెండు లక్షల్లో పదిహేను వేలు అంటే నూటికి ఏడున్నర. మిగతా తొంభై రెండు సరిగ్గానే తీశారన్నట్టేగా? ఏ సిస్టమ్‌లో తప్పుండదు?

మలక్‌పేట_రమ
ఆదివారం, మధ్యాహ్నం 3:40

అన్నా, 19 లక్షల్లో మళ్ళీ అడిగినవాళ్ళే అయిదు లక్షలు. ఊరు మారినోళ్ళు, చచ్చిపోయినోళ్ళు, ఆఫీసుకి పోతే కూలి పోతదని ఊకున్నోళ్ళు మీ లెక్కలోకి రారు. ఇంకోటి. మీ బ్యాంకు నూరు మంది ఖాతాలు మూసి, అందులో ఏడున్నర మందివి పొరపాటున మూసినమంటే మీరు ఊరుకుంటరా? నోటీసు ఇచ్చి ఒక నెల ఆగితే దొంగ కార్డు ఎక్కడికీ పారిపోదు.

సందేహాల_సుబ్బారావు
ఆదివారం, మధ్యాహ్నం 3:51

నోటీసు ముందు ఇవ్వాలన్నది ఒప్పుకుంటున్నా. అక్కడ నా దగ్గర జవాబు లేదు.

మెల్బోర్న్_వాసు
ఆదివారం, సాయంత్రం 5:15

ఇది మన దగ్గరే అనుకోకండి. ఇక్కడ ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని పెద్ద రభస అయింది. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో అందరి నోటా అదే.

పని దొరకనివాళ్ళకి, చదువుకునేవాళ్ళకి భత్యం ఇచ్చే ఆఫీసు ఒకటి, పన్నుల ఆఫీసు ఇంకోటి. భత్యం రెండు వారాల ఆదాయం చూసి ఇస్తారు. పన్నుల ఆఫీసు దగ్గరున్నది ఏడాది మొత్తం. 2015 నుంచి ఏం చేశారంటే, ఆ ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచేశారు. ఆరు నెలలు ఖాళీగా ఉండి భత్యం తీసుకుని తర్వాత ఆరు నెలలు ఉద్యోగం చేసినవాడు, లెక్క ప్రకారం ఏడాదంతా సంపాదిస్తూ భత్యం కూడా మింగినట్టు కనబడతాడు. ‘మీరు ఇంత బాకీ’ అని ఉత్తరాలు. కాదంటే పాత జీతం స్లిప్పులు నువ్వే తెచ్చి చూపించుకో. ప్రాణాలు తీసుకున్నవాళ్ళ కుటుంబాలు కూడా విచారణలో మాట్లాడాయి. 2020లో ప్రభుత్వం చేతులెత్తేసి డబ్బు వెనక్కిచ్చింది. 2023 జులైలో రాయల్ కమిషన్ రిపోర్టు వచ్చింది.

గమనించండి, అక్కడ పేర్లు తప్పు పడలేదు. రెండు ఆఫీసుల డేటా దేనికది కరెక్టే. కలిపిన పద్ధతే తప్పు.

నల్లకోటు
ఆదివారం, రాత్రి 8:30

అడ్వొకేట్‌ని. సరదాకి చదువుతూ ఉన్నాను, చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి దిగుతున్నా.

2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చాలామంది వాట్సాప్ ఫార్వర్డుల్లో చూసే ఉంటారు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. అందులో అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, అంటే 2027లో. సెక్షన్ 7 ప్రకారం సబ్సిడీ, పథకం, సర్టిఫికెట్ లాంటివాటికి ప్రభుత్వం తన దగ్గరున్న మన డేటాని కొన్ని షరతుల మీద మళ్ళీ అనుమతి అడక్కుండా వాడుకోవచ్చు. కాబట్టి ‘నన్ను అడగకుండా నా బండి వివరం ఎలా ఇచ్చారు’ అనే వాదన అక్కడ పెద్దగా నిలబడదు.

తమాషా ఏంటంటే, తప్పు దిద్దమని అడిగే హక్కు సెక్షన్ 12లో ఉంది. అది మనం ఒప్పుకుని ఇచ్చిన డేటాకి. ఒప్పుకోలు లేకుండా పథకాల కింద వాడే డేటాకి ఆ హక్కు వర్తిస్తుందని అందులో రాసి లేదు. అలాగని పూర్తిగా దారి లేకపోలేదు. సెక్షన్ 8లో ఒక మాట ఉంది: ఒక మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడే డేటా అయినా, ఇంకో సంస్థకి ఇచ్చే డేటా అయినా, అది పూర్తిగా, సరిగా ఉండేలా చూసుకునే బాధ్యత దాన్ని వాడేవాళ్ళదే. నేనైతే కోర్టులో దాన్నే పట్టుకుంటా. దానికన్నా పాతది, గట్టిది సహజ న్యాయం. చెప్పకుండా, వినకుండా ఉన్నదాన్ని తీసేయకూడదు.

అమెరికాలో 1988లోనే దీనికి చట్టం చేశారు. రెండు శాఖల కంప్యూటర్లు కలిపి చూసి తేడా కనబడ్డా, విడిగా నిర్ధారించుకుని, నోటీసిచ్చి, సంజాయిషీకి టైమిచ్చేదాకా సాయం ఆపకూడదు. మనకి అలాంటి ఒక్క వాక్యం ఉన్నా పెరవలి తమ్ముడు ఈ పోస్టు పెట్టేవాడు కాదు.

సెకండ్‌హ్యాండ్_బండ్లు
సోమవారం, ఉదయం 7:45

చట్టాలు సరే. తమ్ముడూ, ముందు నీ బావని లేపు. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకి ఫారం 29 (బండి అమ్మేశానని చెప్పే కాగితం) ఇవ్వాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఇద్దరూ ఎగ్గొట్టారు. 26 వేలు చిన్న సంగతి. ఆ వ్యాన్ రేపు ఎవర్నైనా గుద్దితే, ఇన్సూరెన్స్ లేకపోతే, పరిహారం రికార్డులో ఓనర్ మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. నిద్రెలా పడుతుందయ్యా మీకు?

బండి నంబరు కొట్టి ఈ-చలానా చూడు. ఫైన్ పడుంటే ఫొటో ఉంటుంది, ఎక్కడ తిరుగుతోందో తెలుస్తుంది. నేను అలా మూడు బండ్లు పట్టుకున్నా.

పెరవలి_పిల్లోడు
మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 10:30

అప్‌డేట్. సెకండ్‌హ్యాండ్ అన్నకి దండం.

చలానాలు రెండున్నాయి, రెండూ రాజమండ్రిలోనే. ఫొటోలో వ్యాన్ వెనక డోర్ మీద పచ్చ పెయింటుతో ‘వేడి వేడి టిఫిన్స్’ అని కనబడింది. నేనూ బావా ఉదయం ఆరింటికే వెళ్ళి నాలుగు సెంటర్లు తిరిగాం. అయిదో చోట దొరికింది. పక్క డోర్ తీసి స్టవ్ పెట్టారు, బావ వేయించిన సీటు కవర్లు అలాగే ఉన్నాయి. నడిపేది భార్యాభర్తలు. మా దగ్గర కొన్నాయన ఎవరికో అమ్మితే వాళ్ళ దగ్గర వీళ్ళు కొన్నారట.

గొడవ పడదామనే వెళ్ళాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టి నిజం చెప్పాడు. ‘కాగితాలు నా దగ్గరే ఉన్నాయండి. నా పేరున ఎక్కిస్తే మా ఆవిడకి పిల్లల డబ్బులు ఆగిపోతాయి, మా అమ్మ పింఛనూ పోతుందేమోనని భయం. అందుకే ఎక్కించలేదు.’

బావ నా వంక చూశాడు. నేను ఇడ్లీ వంక చూశా. ఇన్నాళ్ళూ మా అక్క డబ్బులు ఆగింది ఆయన భార్య డబ్బులు ఆగకూడదనన్నమాట!

ఆఖరికి తేలింది ఏంటంటే, ఆయన బావమరిది ఒకడు బెంగళూరులో ఉన్నాడు, ఏ పథకమూ లేదు. వాడి పేరు మీదకి మారుద్దామన్నాడు. వాడి అడ్రసు వేరే రాష్ట్రంలో, మళ్ళీ అదో తలనొప్పి. ప్రస్తుతానికి ఇన్సూరెన్స్ మాత్రం దగ్గరుండి కట్టించాం, సగం బావ ఇచ్చాడు. ఫారం 29 బావ తరఫున ఇచ్చేశాం. డీఏ గారూ, ఆ రసీదు గ్రీవెన్స్‌కి పనికొస్తుందా?

సచివాలయం_డీఏ
శుక్రవారం, రాత్రి 10:52

అప్‌లోడ్ చేయించండి, పనికొస్తుందో లేదో పైవాళ్ళ ఇష్టం. కొత్త ఆర్‌సీ వస్తే గట్టి ఆధారం. అది వచ్చినా మా దగ్గర ఎరుపు పోవడానికి టైం పడుతుంది. పైనుంచి డేటా మళ్ళీ ఎప్పుడు తెస్తారో మాకూ చెప్పరు. టిఫిన్ ఆయనకి చెప్పండి, టాక్సీ కింద రిజిస్టర్ అయితే మినహాయింపు ఉంది గానీ వంట బండికి అది కుదురుతుందో లేదో ఆర్టీవోలోనే అడగాలి.

సందేహాల_సుబ్బారావు
శుక్రవారం, రాత్రి 11:04

ఇడ్లీ ఎలా ఉంది?

పెరవలి_పిల్లోడు
శుక్రవారం, రాత్రి 11:06

అల్లం చట్నీ బావుంది. డబ్బులు తీసుకోనన్నాడు, బావ బలవంతాన పెట్టొచ్చాడు.

హిమ_కొత్త
శనివారం, ఉదయం 8:15

నమస్తే, ఇవాళే చేరాను. మా అమ్మకి కరెంటు 300 యూనిట్లు దాటిందని చూపిస్తోంది. మా ఇంట్లో ఒక ఫ్యాను, రెండు లైట్లు. పక్కన రైస్ మిల్లుంది, అదేమైనా కలిసిందా? ఎక్కడ అడగాలి?

సచివాలయం_డీఏ
శనివారం, ఉదయం 8:40

ముందు ఆధార్‌కి ఏ సర్వీస్ నంబరు లింకయిందో సచివాలయంలో చూపించుకోండి, మీ బిల్లు మీద నంబరుతో పోల్చండి. తేడా ఉంటే కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) లెటర్ ఇచ్చి డీలింక్ చేయించుకోవాలి. లెటర్ మీద స్టాంపు వేయించుకోవడం మర్చిపోవద్దు. ఆధార్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి మేడమ్.